ప్లస్ రెండున్నర

శుక్రవారం వస్తే మా వంటింటి సింకులో
బియ్యం కడిగే జల్లెడ నిండా కళ్ళద్దాలు.
అమ్మ తిట్టదు.
కాస్త పక్కకు జరిపి పప్పు కడుక్కుంటుంది.

సజ్జా క్యాంపులో గది గదికీ తిరిగి తెచ్చినవి.
వెల్డింగ్ రవ్వలు కొరికినవి,
ముక్కుదిమ్మల్లో సిమెంటు గడ్డకట్టినవి.
గోరువెచ్చటి నీళ్ళలో వేయగానే
ఎవరెవరి చెమటో
తెల్లగా విడిపోయి ఒక్కటే ఉప్పవుతుంది.

ఉగాండాకు తీసుకెళ్తానంటే
జగిత్యాల పోశెట్టి నవ్వాడు.
"అప్పు తీర్చనీకి మేం ఈడిదాకొస్తిమి,
నువ్వు ఈడికెళ్లి ఇంకోకాడికి పోతవా బిడ్డా?"
నవ్వుతూనే తన జత తీసి చేతిలో పెట్టాడు.
ఎడమ కాడకు నల్లదారం చుట్టి ఉంది.
"దారం ఇప్పకు. గట్టిగనే ఉంటది.
నేను కొత్తయి చేపిచ్చుకున్న."

పోయినేడు ఇరవై రోజులు వెళ్ళొచ్చాను.
అంతకుముందు నా దగ్గరొక ఆఫ్రికా ఉండేది,
విరాళాల డబ్బా మీద బొమ్మంత.
ఇగాంగాలో బస్సు దిగిన పూట
వానలో తడిసి అది ఊడిపోయింది.
పనస తొనలు నాకంటే లాఘవంగా ఒలిచే పిల్లలు
నా జిగురు వేళ్ళకు నూనె రాసి
పడీపడీ నవ్వారు.

నబిర్యే అక్కడ దర్జీ.
పదకొండు జతలు పెట్టి చూసి తీసేసింది.
పన్నెండోది పెట్టుకుని
సూదిలో దారం ఎక్కించింది.
కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, చేతులు పట్టుకోలేదు.
నా సంచీ చిరుగు చూపించి, ఇటివ్వమంది.
కుట్టి, రెండు వేల షిల్లింగులంది.
బేరమాడితే ఒప్పుకోలేదు.

పెట్టెలో సగం అలాగే వెనక్కి తెచ్చాను.
అన్నీ మైనస్ పవరువి.
ఎవరికేం కావాలో అడక్కుండా
సముద్రం దాటించి, మళ్ళీ దాటించిన బరువు.

మా బిల్డింగు గేటు దగ్గర వైస్వా
నాలుగేళ్ళుగా కాపలా.
ఆయనదీ ఇగాంగాయేనని
అంత దూరం వెళ్ళొచ్చాక తెలిసింది నాకు.
గుడ్ మార్నింగ్ దాటి నోరు విప్పని నాలుగేళ్ళు.
ఇప్పుడు రాత్రి పదిన్నరకు
ఏసీ నీళ్ళు బకెట్లోకి కారే మెట్ల కింద
రెండు కాగితం కప్పుల కరక్ చాయ్ తో
లుసోగా నేర్చుకుంటున్నాను.
తప్పు పలికితే ఆయన నవ్వడు.
మళ్ళీ అనిపిస్తాడు.
బదులుగా మన 'ళ' నేర్పమన్నాడు.
నీళ్ళు, కళ్ళు, ఊళ్ళు.
మూడు రాత్రులు పట్టింది.
ఊళ్ళు దగ్గర ఇంకా తడబడతాడు.

కాలేజీలో ఫారం మళ్ళీ ఇచ్చారు.
ఎందుకు వెళ్ళాలనుకుంటున్నారు? నూటయాభై పదాల్లో.
పోయినసారి మూడొందలు రాసి సగం కొట్టేశాను.
ఈసారి గడి ఖాళీగా ఉంది.
పరంజా ఇనుము లెక్కలు రాసుకుంటూ
తలెత్తకుండా నాన్న అడిగాడు:
"ఒక్కసారి చాలదామ్మా?"
జాలి అయితే
ఒక్కసారికి చాలేది నాన్నా.
ఇదేమిటో నాకింకా పేరు దొరకలేదు.

నిన్న క్యాంపుకెళ్తే
మెట్ల మీద పోశెట్టి
ఫోన్ని చెయ్యంత దూరం పట్టుకుని
కూతురి మొహం వెతుక్కుంటున్నాడు.
కొత్తవి లేవు. ఎప్పుడూ లేవు.
"గవి పోనీ, ఆడోళ్ళకు పనికొస్తయి" అంటాడు.
మాటలాడకుండా టాక్సీ ఎక్కించి
రోలాలో మస్తాన్ వలీ కొట్టుకు తీసుకెళ్ళాను.
అక్షరాల పలక ముందు కూర్చుని
చివరి వరసదాకా చదివి
"ఇంక లేవా కింద?" అన్నాడు.

ఇవాళ తువ్వాలు మీద అరవైనాలుగు జతలు.
ఒక్కోదానికీ టేపు ముక్క, దాని మీద అంకె.
నల్లదారం తడవకుండా ఆయనది
దూదితో తుడిచాను. ప్లస్ రెండున్నర.

"దారం విప్పకండి, గట్టిగానే ఉంటుంది" అని
లుసోగాలో ఎలా అంటారో
రాత్రికి వైస్వాను అడగాలి.